హాయి ఉద్యోగమేనా మేడం?

ఈసారి ఉత్తరాలు చాలానే వచ్చాయి గానీ మూడింటికే జవాబు రాయగలిగా, అందులోనూ మొదటిదే ఎక్కువ చోటు తీసేసుకుంది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల తప్పకుండా రాస్తా.

ప్రశ్న: మేడం గారూ నమస్తే. మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్, లెక్కల్లో బాగా చేస్తుంది. ఎంఎస్సీ, పీహెచ్‌డీ చేసి మీలాగ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అవుతానంటోంది. మా తోటికోడలేమో "రోజుకి రెండు క్లాసులు చెప్పి ఇంటికి రావడమేగా, ఆడపిల్లకి హాయి ఉద్యోగం" అంటుంది, మా తమ్ముడేమో "అవన్నీ ఎందుకక్కా, సాఫ్ట్‌వేర్‌కి పంపు" అంటాడు. అసలు మీ వారం ఎలా గడుస్తుందో దాచకుండా చెప్తారా? ఇల్లు, పిల్లలు చూసుకుంటూ చేయగలిగే పనేనా ఇది? - ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పోయిన ఆదివారం చదివా, జవాబు ఈ ఆదివారం రాస్తున్నా. మధ్యలో గడిచిన రోజులే మీరు అడిగినదానికి జవాబు కాబట్టి వాటినే ఉన్నదున్నట్టు చెప్తా.

ముందు మీ తోటికోడలు గారి లెక్క చూద్దాం. ఆవిడ అన్నది పూర్తిగా తప్పేం కాదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ వారానికి నేరుగా పాఠం చెప్పాల్సింది 14 గంటలు, కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16 గంటలు. బయటివాళ్ళకి కనబడేది ఇదే. కానీ అవే నిబంధనల్లో మొత్తం పని వారానికి 40 గంటలకి తగ్గకూడదని కూడా ఉంది, మరి ఆ మిగతా 26 గంటలు ఎటు పోతాయని ఎవరూ అడగరు, మీరు అడిగారు, అందుకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

సోమవారం పొద్దున 9:30 కి ఎంఎస్సీ ఫస్టియర్ వాళ్ళకి రియల్ అనాలిసిస్, యూనిఫామ్ కన్వర్జెన్స్ మొదలుపెట్టే రోజు. ఇరవై ఏళ్ళకి పైగా చెప్తున్న పాఠమే, అయినా ముందురోజు రాత్రి రెండు గంటలు దానికోసం కూర్చున్నా. ఎందుకంటే నా క్లాసులో సగం మంది నల్గొండ, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ వైపు డిగ్రీ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు, ఇంటర్‌లో తెలుగు మీడియంలో 'అవధి', 'అవిచ్ఛిన్నత' అని చక్కగా నేర్చుకుని, ఇక్కడికొచ్చి లిమిట్, కంటిన్యుటీ అని గడగడా వినేసరికి తమకి తెలిసిందే తెలియనట్టు అయిపోయి బిక్కమొహం వేస్తారు. అందుకని బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కనే రాస్తా.

ఆ రోజు అందర్నీ ఫోన్లు తియ్యమన్నా. 0.99 ని పది సార్లు వేసుకుని గుణించండి అంటే 0.904 వచ్చింది. వంద సార్లు వేస్తే 0.366, వెయ్యి సార్లకి 0.00004 దగ్గరకి పడిపోయింది. 1 కంటే ఏ కాస్త తక్కువున్న సంఖ్యైనా చివరికి సున్నా దారి పడుతుంది, 1 మాత్రం ఎన్నిసార్లు గుణించినా కదలదు. దీన్ని గ్రాఫు గీస్తే, ప్రతి మెట్టులోనూ ఎక్కడా తెగకుండా ఉన్న గీత చివరికొచ్చేసరికి 1 దగ్గర పుటుక్కున తెగింది. కారణం ఏంటంటే అన్ని సంఖ్యలూ సున్నా వైపే నడుస్తున్నాయి గానీ ఒకే వేగంతో నడవడం లేదు, 0.99 కి వెయ్యి మెట్లు పట్టిన దూరం 0.999 కి పదివేల మెట్లు పడుతుంది. అందరూ కలిసి నడుస్తున్నారా లేదా అని అడిగేదే యూనిఫామ్ కన్వర్జెన్స్. ఇంతవరకు నోరు విప్పగా నేను చూడని ఒకమ్మాయి వెనక బెంచీలోంచి లేచి "మేడం, మొత్తం వద్దు, 0.9 వరకే చూస్తే అందరికీ ఒకే వేగం దొరుకుతుంది కదా" అంది. అది నేను బుధవారం చెప్పాల్సిన మాట! ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి తనతోనే రాయించా, చెయ్యి వణుకుతూనే మొత్తం రాసింది.

మధ్యాహ్నం నుంచి ఇంటర్నల్ టెస్టు పేపర్లు, 58. మీ అమ్మాయి కూడా రేపు ఇవి దిద్దుతుంది కాబట్టి చెప్తున్నా, మా దగ్గర జవాబు సరిపోయిందా లేదా అని టిక్కు పెట్టడానికి కుదరదు. ప్రశ్నలోనే జవాబు ఉంటుంది, 'ఇది నిజమని నిరూపించు' అని. వాడు నడిచిన దారంతా వెనకాలే నడవాలి, అయిదో లైన్లో తప్పటడుగు వేశాడా, లేక మాట సరిగ్గా రాయలేకపోయాడు గానీ ఆలోచన సరైనదేనా అని చూడాలి. పేపరుకి పది నిమిషాలు వేసుకున్నా దాదాపు పది గంటలు. అవి సోమవారం మొదలై గురువారం రాత్రికి గానీ తెమల్లేదు, కొన్ని డైనింగ్ టేబుల్ మీద, కొన్ని అర్ధరాత్రి.

ఇక మంగళవారం. దీని గురించే మీకు చెప్పాలని నాకు ఎక్కువగా ఉంది.

నా దగ్గర పీహెచ్‌డీ నాలుగో ఏడు చేస్తున్న అబ్బాయి ఉన్నాడు, వాళ్ళ నాన్న వ్యవసాయం, ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటివాడు వీడే. థీసిస్‌లో మూడో అధ్యాయం అంతా ఒక లెమ్మా మీద నిలబడి ఉంది, ఆర్నెల్ల కష్టం. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతానికి ఎక్కడానికి వేసుకునే మెట్టు. మంగళవారం పదకొండింటికి ఆ అధ్యాయాన్ని చివరిసారి చూద్దామని ఇద్దరం కూర్చున్నాం, రెండో పేజీలో ఒక లైను దగ్గర నా కన్ను ఆగింది. ముందు సమాకలనం (ఇంటిగ్రేషన్, అంటే వైశాల్యం లెక్కగట్టడం) చేసి తర్వాత అవధి తీసుకోవాల్సిన చోట, ముందు అవధి తీసేసుకుని తర్వాత సమాకలనం చేశాడు. రెండూ ఒకటేనని అనుకున్నాడు. నేనూ ఆ పేజీ అంతకుముందు రెండు సార్లు చదివి దాటేశాను, ఆ తప్పులో నాకు సగం వాటా ఉంది, ఆ మాట వాడికి అప్పుడే చెప్పా.

ఎందుకు ఒకటి కాదో మీకు కూడా చెప్తా, కష్టమేం కాదు. ఒక గోడ అనుకోండి, వెడల్పు అర మీటరు, ఎత్తు రెండు మీటర్లు. వైశాల్యం ఒక చదరపు మీటరు. ఎడమ చివర అలాగే ఉంచి వెడల్పు పదో వంతు మీటరుకి తగ్గించి ఎత్తు పది మీటర్లు చెయ్యండి, వైశాల్యం మళ్ళీ ఒకటే. వందో వంతు, వంద మీటర్లు, అయినా ఒకటే. ఇలా సన్నగా ఎత్తుగా చేసుకుంటూ పోతే వైశాల్యం ఎప్పటికీ ఒకటే, కానీ ఆ ఎడమ చివరకి కొంచెం పక్కన మీరు ఎక్కడ నిలబడినా కొంతసేపటికి మీ దగ్గర గోడే ఉండదు. ప్రతి చోటా నిలబడి చూసి 'గోడ లేదు, వైశాల్యం సున్నా' అంటే తప్పయిపోయింది, ఆ ఒక్క చదరపు మీటరు పైకి జారిపోయింది. మా వాడి లెమ్మాలో జరిగింది ఇదే. ముందురోజు క్లాసులో ఫస్టియర్ పిల్లలకి నేను చూపించిన జబ్బు, మరో రూపంలో, నా సొంత స్టూడెంట్ థీసిస్‌లో కూర్చుని ఉంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడం, ఆర్నెల్లు ఉత్తగనే పోయినయా" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా లేచి ఇంకో మీటింగ్‌కి పోవడం నావల్ల కాలేదు, పోలేదు. కింద క్యాంటీన్‌లో ఇద్దరం చాయ్ తాగాం, మళ్ళీ పైకొచ్చి సాయంత్రం ఆరింటి వరకు ఆ లైను కింద ఏమేం నిలబడి ఉన్నాయి, ఏవి కూలతాయి, ఏవి వాటంతట అవే నిలుస్తాయి అని ఒక్కొక్కటీ వేరు చేశాం. ఆ రోజు నా డైరీలో ఉన్న పనుల్లో ఒక్కటీ జరగలేదు, ఈ వారంలో నాకు ముఖ్యమైన రోజు మాత్రం అదే.

బుధవారం, గురువారం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వేరే స్టూడెంట్ పీహెచ్‌డీ వైవాకి (మౌఖిక పరీక్షకి) బయటి రాష్ట్రం నుంచి ఎగ్జామినర్ వచ్చారు, శంషాబాద్ నుంచి కారు ఏర్పాటు, హాలు, ప్రొజెక్టరు, సంతకాల కాగితాలు అన్నీ గైడే చూసుకోవాలి, వైవా బాగా జరిగింది, ఆ పిల్ల వాళ్ళమ్మ ముందు వరుసలో కూర్చుని ఒక్క ముక్క అర్థం కాకపోయినా రెండు గంటలూ కదలకుండా విన్నారు. సిలబస్ మార్పు మీటింగ్ ఒకటి, అక్రిడిటేషన్ ఫైళ్ళు ఒకటి, అయిదేళ్ళ లెక్కలు పట్టికల్లో నింపాలి, దానికి పోయిన ఏడు గంటలు నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నాయి.

శుక్రవారం సెలవు పెట్టా, మా అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక చెకప్. ఆస్పత్రి హాల్లో టోకెన్ పిలిచేదాకా కూర్చునుంటే మా పీహెచ్‌డీ అబ్బాయి నుంచి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదట. ఆ గోడలన్నీ ఒకే కప్పు కింద ఇమిడితే, ఆ కప్పు కింద వైశాల్యం పరిమితంగా ఉంటే, అవధినీ సమాకలనాన్నీ మార్చుకోవచ్చని లెబెగ్ సిద్ధాంతం ఒకటి ఉంది, డామినేటెడ్ కన్వర్జెన్స్ అంటారు, ఎంఎస్సీలోనే చెప్తాం. నేను చెప్పిన సన్న గోడలకి అలాంటి కప్పు దొరకదు, ఎంత ఎత్తున వేసినా గోడ దాన్ని దాటిపోతుంది, అన్నిటినీ కప్పాలంటే కప్పు కింద వైశాల్యం అనంతం అవుతుంది. కానీ తన సమస్యలో వచ్చే ప్రమేయాలకి (ఫంక్షన్లకి) కప్పు ఉందని వాడు పట్టుకున్నాడు! అన్నిటికీ కాదు, ఒక షరతు పెడితే. మా అమ్మ కంట్లో చుక్కలు వేసి అరగంట ఆగమన్నారు, ఆ అరగంట ఫోన్ తెర పెద్దది చేసుకుని ఒక్కో లైను చదివా. ఒక చోట ఖాళీ కనబడింది, రాసి పంపా, శనివారం పొద్దునకి అదీ పూడ్చాడు. అధ్యాయం మొత్తం తిరిగి రాలేదు, మూడు ఫలితాల్లో రెండు నిలిచాయి, మూడోది ప్రస్తుతానికి ప్రశ్నగానే ఉంది. అయినా ఇప్పుడున్న రెండూ నిజంగా నిజం.

శనివారం ఒక జర్నల్ పంపిన పేపరు రివ్యూ, దీనికి డబ్బులు ఉండవు, ఎవరు చదివారో రాసినవాళ్ళకి కూడా తెలియదు. ముప్పై పేజీలు, రెండు నెలలుగా నా దగ్గరే ఉంది, రాసినవాళ్ళు ఎదురుచూస్తుంటారని తెలిసి కూడా ఆలస్యం చేశా, అది పూర్తిచేశా. నా సొంత రీసెర్చికి ఈ వారం దక్కింది ఈ రోజు, ఆదివారం, పొద్దున నాలుగున్నర నుంచి ఏడు దాకా. నెలలో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటాయి.

ఇక ఇల్లు సంగతి. మీ అమ్మాయి చేయగలదమ్మా, కానీ ఒక్కతే మొత్తం మోస్తే చేయలేదు, ఇది పచ్చిగా చెప్తున్నా. నా పీహెచ్‌డీ మధ్యలో పాప పుట్టింది, ఏడాదిన్నర థీసిస్ ముట్టుకోలేదు, మా అత్తగారు వచ్చి ఉండకపోతే, మా ఆయన పొద్దున వంటిల్లు చూసుకోకపోతే నేను ఈ కుర్చీలో ఉండేదాన్ని కాదు. ఇప్పుడు నిబంధనలు కొంచెం నయం, పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకి 240 రోజుల వరకు ప్రసూతి సెలవు, గడువులో రెండేళ్ళ సడలింపు ఉన్నాయి. నా ఎంఎస్సీ క్లాసులో సగానికి పైగా అమ్మాయిలే, బాగా చేసేవాళ్ళలో కూడా వాళ్ళే ఎక్కువ, పీహెచ్‌డీ దాకా వచ్చేసరికి పెళ్ళి సంబంధం పేరుతో ఒక్కొక్కరే మాయమవుతారు, ఇది నాకు ఏటా మనసు కోసేసే విషయం. మీరు తల్లిగా చేయగలిగింది ఏదైనా ఉందంటే ఆ అయిదారేళ్ళు సంబంధాల ఒత్తిడి లేకుండా చూడటం.

డబ్బు గురించి మీ తమ్ముడికి చెప్పడానికి: నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000 స్టైపెండ్, పైన ఇంటద్దె భత్యం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మూల వేతనం 57,700, దాని మీద డీఏ అవీ. సాఫ్ట్‌వేర్‌లో పైకి వెళ్ళినవాళ్ళతో పోలిస్తే తక్కువే, పైగా పోస్టులు పడేదాకా గెస్ట్ ఫ్యాకల్టీగా కొన్నేళ్ళు గడపాల్సి రావచ్చు, ఇది కూడా తెలిసే దిగాలి. అయినా సోమవారం లేచి మాట్లాడిన ఆ అమ్మాయి చెయ్యి వణుకుతూ రాసిన నాలుగు లైన్లు మీ అమ్మాయికి చూపించాలని ఉంది నాకు. ఒకరోజు తనని తీసుకుని రండి, క్లాసులో కూర్చోబెడతా, తర్వాత తనే చెప్తుంది మీకు.

ప్రశ్న: మేడం, నేను ఎంఎస్సీ సెకండియర్, హాస్టల్లో ఉంటా. సీఎస్ఐఆర్ నెట్ రెండు సార్లు రాశా, పార్ట్ సీ లోనే దెబ్బ తింటున్నా. సిద్ధాంతాలన్నీ కంఠతా వచ్చు, అయినా మార్కులు రావట్లేదు. - ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: బాబూ, నీ ఉత్తరంలోనే కారణం ఉంది, కంఠతా అన్నావు కదా. పార్ట్ సీ లో 60 ప్రశ్నల్లో 20 రాస్తావు, ఒక్కోటి 4.75 మార్కులు, నెగెటివ్ లేదు గానీ సరైన ఆప్షన్లు ఎన్ని ఉంటే అన్నీ గుర్తిస్తేనే మార్కు, ఒక్కటి వదిలినా, ఒక్కటి ఎక్కువ పెట్టినా సున్నా. కాబట్టి అక్కడ అడిగేది 'సిద్ధాంతం ఏంటి' అని కాదు, 'అది ఎక్కడిదాకా నిజం' అని. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి సిద్ధాంతం రాసి, దాంట్లో ఒక్కో షరతు కొట్టేసి, అప్పుడు కూలిపోయే ఉదాహరణ ఒకటి పక్కన రాయి. మూసిన అంతరంలో అవిచ్ఛిన్నమైన ప్రమేయం యూనిఫామ్‌గా కూడా అవిచ్ఛిన్నం, ఆ 'మూసిన' తీసేస్తే 0 కి 1 కి మధ్య ఒకటి బై ఎక్స్ చాలు కూలడానికి. సబ్‌గ్రూపు మూలకాల సంఖ్య గ్రూపు మూలకాల సంఖ్యని భాగిస్తుందన్న లగ్రాంజ్ సిద్ధాంతం తిరగేస్తే నిలబడదు, 12 మూలకాలున్న ఏ4 గ్రూపులో 6 మూలకాల సబ్‌గ్రూపు లేదు, ఎందుకు లేదో పుస్తకం చూడకుండా నువ్వే కూర్చుని తేల్చు. పైన నేను చెప్పిన సన్న గోడ కూడా అందులో రాసుకో. రోజుకి రెండు చొప్పున నాలుగు నెలలు చేస్తే రెండొందల పైన ఉదాహరణలు చేతిలో ఉంటాయి, పరీక్ష హాల్లో అవే పనికొస్తాయి. ఇంకోటి, ఒక్కడివే చదవకు, హాస్టల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి నిరూపణ ఇంకొకరు పట్టి చూడండి, మన తప్పు మన కంటికి కనబడదు, ఈ వారం నాకే కనబడలేదు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని, ఇంటి అరుగు మీద ఇప్పటికీ పిల్లలకి చెప్తుంటాను. లెక్కల్లో అన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు కదా, యూనివర్సిటీల్లో మీరు ఇంకా పరిశోధన దేని మీద చేస్తారు? - ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: మాస్టారూ నమస్కారం. 2010 ఆగస్టులో మన హైదరాబాద్‌లోనే, హెచ్ఐసీసీ సమావేశ కేంద్రంలో, ప్రపంచ గణిత మహాసభ జరిగింది, 1897 లో జ్యూరిక్‌లో మొదలైన ఈ సభ మన దేశానికి రావడం అదే మొదటిసారి. అక్కడ లెక్కల్లో పెద్ద పురస్కారమైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో వియత్నాంలో పుట్టిన న్గో బావో చావ్ ఒకరు, ఆయనకి అది వచ్చింది 'ఫండమెంటల్ లెమ్మా' అని పేరున్న ఒక మెట్టుని నిరూపించినందుకు. మొదట్లో అంత కష్టమేం కాదనుకున్న లెమ్మా అది, దాదాపు ముప్పై ఏళ్ళు ఎవరికీ లొంగలేదు, దాని మీద ఆధారపడ్డ ఫలితాలు బోలెడు అన్నేళ్ళూ ఎదురుచూశాయి. అంటే మిగిలిపోయినవి చాలా ఉన్నాయి మాస్టారూ.

ఇంకా మనకి దగ్గరి మాట చెప్తా. సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసి కలకత్తా వెళ్ళారు. 1944 ప్రాంతంలో, అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు, శాంపిల్ చూసి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫిషర్ (ఇంగ్లండు సంఖ్యాశాస్త్రవేత్త) ఫలితం ఒకటి క్లాసులో చెప్తుంటే, అది పెద్ద శాంపిల్స్‌కి పనిచేసేది, ఒక విద్యార్థి లేచి చిన్న శాంపిల్స్‌కి కూడా అలాంటిది రాబట్టొచ్చు కదా సార్ అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని దాన్ని నిరూపించి మర్నాడు క్లాసులో చెప్పారు. 1945 లో అచ్చయింది, ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావ్ బౌండ్ అని చదువుకునేది అదే. ఆయన 2023 ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో పోయారు, ఆయన పేరు మీద గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పరిశోధన సంస్థ ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి.

మీ అరుగు మీద పిల్లలు అడిగి, మీకు జవాబు తోచక ఆగిపోయిన ప్రశ్నలు ఏమైనా ఉంటే ఒక కాగితం మీద రాసి పత్రిక అడ్రసుకి పంపండి మాస్టారూ, సోమవారం 9:30 క్లాసులో పెడతా.